మూడో గది గడియ

అడవి అంటారు గానీ అక్కడ చెట్లుండవు. ఇక మావల్ల కాదని చెట్లు కూడా కిందే ఆగిపోయిన చోటు అది. రాయి, మంచు, గాలి... అంతే. జంతువుల్ని కాపాడే గార్డులు రాత్రుళ్ళు తలదాచుకోవడానికి మాత్రం మూడు రాతి గదులున్నాయి. మొదటిది ఏటి ఒడ్డున. రెండోది కనుమకి ఇవతల. మూడోది కనుమ దాటి కిందికి దిగాక, గడ్డకట్టిన చెరువు పక్కన.

మొదటి రెండింట్లో చోటు చాలక గార్డులు ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుకుంటారు. మూడోది ఎప్పుడూ ఖాళీయే.

చీకటి పడ్డాక అక్కడ ఎవరో తలుపు తడతారట. అరచేత్తో. అదీ నిలబడ్డ మనిషి తట్టే ఎత్తున కాదు — మోకాలి ఎత్తున. కాసేపటికి పిలుస్తారట. లోపలున్న వాళ్ళకి బాగా తెలిసిన గొంతుతో.

తలుపు తీస్తే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఎందుకంటే ఎవరూ తీయలేదు.

తీసిందల్లా ఒకావిడ. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడ. పద్దెనిమిదేళ్ళుగా మనుషుల పుర్రెలూ పక్కటెముకలూ చూస్తూ అన్నం తిన్న మనిషి. దెయ్యాల మాటెత్తితే నవ్వేది. ఇప్పుడు నవ్వదు. ఆవిడ చెప్పిన మాటే ఇది.

అసలు ఆవిడ ఆ కొండెక్కాల్సిన మనిషే కాదు. మంచు చిరుతని చూడాలన్న పిచ్చి ఆవిడ భర్తది. రెండేళ్ళు ఎదురుచూసి ముగ్గురికి అనుమతి తెచ్చుకున్నాడు — తనకీ, భార్యకీ, చెల్లెలికీ. తీరా గేటు ఆఫీసు మెట్ల మీదే కళ్ళు తిరిగి కూలబడ్డాడు. అక్కడి నర్సు వేలికి క్లిప్పు పెట్టి, ఆక్సిజన్ అంకె చూసి, పెదవి విరిచింది.

"ఇంకొక్క అడుగు పైకి వేశారంటే కిందికి మోసుకురావాల్సింది మేమే. మాకు ఆ సరదా లేదు."

"అయితే నేనూ ఆగిపోతాను," అంది ఎక్స్‌రే ఆవిడ. లోపల్లోపల సంతోషమే.

"నేను వెళ్తున్నాను," అంది ఆడపడుచు.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. వీళ్ళింట్లో ఆ అర్ధమే ఎక్కువ బరువు. బడిలో ఆటలు నేర్పే టీచరు. గుమ్మానికి తల తగిలేంత పొడుగు, మెడలో విజిల్, అడుగు తీసి అడుగేస్తే పక్కవాళ్ళు పరిగెత్తాలి. ఇంట్లో ఆవిడ ముద్దుపేరు మాత్రం చిట్టి.

"చిట్టి ఒక్కతే పోతే నాకు కింద నిద్రపట్టదు," అన్నాడు భర్త, బల్ల మీద పడుకునే. "నువ్వూ వెళ్ళవా? ఈ వంకనైనా ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకుంటారు."

నాలుగేళ్ళుగా ఆ వదినా ఆడపడుచుల మధ్య మాటల్లేవు. అత్తగారి ఊపిరితిత్తుల్లో మచ్చని మొదట చూసింది కోడలే — తను తీసిన ఎక్స్‌రేలోనే. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. కూతురికి తెలిసేసరికి తల్లి మాట పడిపోయింది. 'మా అమ్మతో మాట్లాడుకోవడానికి నాకు రెండు నెలలుండేవి. అవి నువ్వు మింగేశావు' — కర్మకాండలైన నాడు చిట్టి అన్న ఆఖరి మాట అది. అప్పట్నుంచీ ఇంటికొస్తే అన్నయ్యతో మాట్లాడుతుంది, గోడతో మాట్లాడుతుంది, వదినతో మాత్రం మాట్లాడదు.

సరే, బయల్దేరారు. వాళ్ళ వెంట ఒక గార్డుని ఇచ్చారు. పెద్ద గార్డు అని పిలుస్తారు అందరూ. తెల్లమీసాలు, ఎడంచేతికి రెండు వేళ్ళు లేవు — చలి కొరికేసింది. ఆ కొండల్లో ఇరవయ్యారేళ్ళ సర్వీసు. మనిషి మంచివాడో చెడ్డవాడో తెలీదు, నోరు విప్పితే కదా. మొదటి రోజు మొత్తమ్మీద ఒకే మాట అన్నాడు.

"మూడో రోజు కనుమ దాటతాం. మధ్యాహ్నం రెండయ్యిందంటే, చిరుత ఎదురొచ్చి నిలబడ్డా సరే... వెనక్కి తిరగాలి."

"ఎందుకు?" అంది చిట్టి.

"తిరగాలి. అంతే."

మొదటి గదిలో ఒక రాత్రి, రెండో గదిలో ఒక రాత్రి. మూడో రోజు పొద్దున్నే కనుమ ఎక్కారు. అక్కడి గాలి మనిషిని ఓర్చుకోదు. పీల్చినా అందదు, అందినా చాలదు. ఎక్స్‌రే ఆవిడ పది అడుగులకోసారి కూర్చుంటోంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ముందు చిట్టి వీపు, వెనక గార్డు మౌనం. ఇద్దరూ తన మీద పగబట్టినట్టే ఉంది.

కనుమ అవతల చెరువు పైన రాళ్ళ మీద కొండగొర్రెలు కనిపించాయి. మెలితిరిగిన కొమ్ములు, కదలని చూపు. వాటిలో ఒకటి మంచులో పడి ఉంది — పొట్ట చీలి, ఇంకా ఆవిరి వస్తూ. చుట్టూ చిరుత అడుగులు, గిన్నె బోర్లించి ఒత్తినట్టు.

"ఇప్పుడే చంపింది. మళ్ళీ వస్తుంది," గుసగుసగా అంది చిట్టి. "ఇక్కడే కూర్చుందాం."

గార్డు గడియారం చూశాడు. "ఒంటిగంటన్నర. పదండి."

"ఒక్క గంట."

"మీ వదినగారి నడకకి ఇప్పుడు బయల్దేరితేనే చీకటిలోపు కనుమ దాటతాం."

చిట్టి వదిన వైపు తిరిగింది. నాలుగేళ్ళలో మొదటిసారి నేరుగా మొహంలోకి చూసింది.

"నువ్వు రాకుండా ఉండాల్సింది. నాకు దక్కాల్సింది ఏదున్నా మధ్యలో నువ్వొచ్చి కూర్చుంటావు."

"నేనేం కావాలని..."

"ఏదీ కావాలని చెయ్యవు. అమ్మ విషయంలోనూ కావాలని చెయ్యలేదుగా. నేను ముందు పోతున్నాను. రెండో గదిలో ఉంటాను. మీరు తీరిగ్గా పాక్కుంటూ రండి."

గార్డు వద్దని అరుస్తున్నా వినలేదు. సంచి భుజాన వేసుకుని కనుమ వైపు దూసుకుపోయింది. ఉన్న ఒక్క టార్చీ ఆ సంచిలోనే ఉంది.

అరగంట గడిచిందో లేదో, మంచు మొదలైంది. పైనుంచి పడే మంచు కాదు, అడ్డంగా కొట్టే మంచు. కొండ పోయింది, దారి పోయింది, చాచిన చెయ్యి పోయింది. గార్డు నలభై అడుగులు పైకెళ్ళి చిట్టిని కేకేసి, జవాబు లేక తిరిగొచ్చాడు. ఎక్స్‌రే ఆవిడ మోకాళ్ళ మీద ఉంది. లేవడం ఆమె వల్ల కాలేదు.

వెనక్కి దిగితే చెరువు పక్కన గది. మూడో గది. ఎంతో దూరం లేదు.

గార్డు మంచులో నిలబడి ఆ గది ఉన్న దిక్కుకి చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్ళీ అటు చూశాడు. చాలాసేపు... ఎంతసేపంటే, ఇతను నన్నిక్కడే వదిలేసి పోతాడని ఆమెకి రూఢి అయిపోయింది.

"పదండి," అన్నాడు చివరికి, తనని తానే ఉరికంబానికి తీసుకెళ్తున్నట్టు.

గదికి ఒకటే తలుపు, మందపాటి చెక్కది. లోపల మట్టినేల, రాతిగోడలు, తుప్పు పట్టిన ఇనప పొయ్యి. పుల్లల్లేవు — ఎవరూ ఉండని గదికి పుల్లలెవరు మోస్తారు? వైర్‌లెస్ నొక్కినా పలకలేదు, చలికి చచ్చిపోయింది. గార్డు జేబులోంచి కొవ్వొత్తి తీసి వెలిగించాడు. చెక్కగడియ అడ్డంగా దించాడు. దించి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఏం వినిపించినా తీయకండమ్మా."

"చిట్టి బయట ఉంది."

"ఆవిడ దాటేసుంటుంది. కాళ్ళ బలం ఉంది."

"దాటకపోతే?"

అతను కొవ్వొత్తి వైపే చూస్తున్నాడు.

గాలి గది చుట్టూ తిరిగింది. చీకటి పడింది. ఎక్స్‌రే ఆవిడ స్లీపింగ్ బ్యాగులోకి దూరి చెవులు రిక్కించింది. గంట. రెండు గంటలు. కొవ్వొత్తి సగానికి వచ్చింది.

అప్పుడు... తప్.

తలుపు మీద. కింద.

తప్... తప్.

అరచెయ్యి. తడిసిన తొడుగున్న అరచెయ్యి. సరిగ్గా గార్డు నడుము దగ్గర. అతని ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది.

"వదినా..."

ఆమె లేచి కూర్చుంది.

"వదినా... తలుపు తియ్యి."

చిట్టి గొంతే. సందేహం లేదు. విజిల్ ఊది ఊది బొంగురుపోయిన గొంతు. నాలుగేళ్ళుగా తనని ఆ మాటతో పిలవని గొంతు.

"లేవండి," అంది ఆమె. "చిట్టి వచ్చింది."

"కాదు."

"నాకు తెలీదా మా ఆడపడుచు గొంతు?"

గార్డు తల పైకెత్తాడు. "మీకు వదినా అని వినిపిస్తోందా అమ్మా?" మెల్లగా అడిగాడు. "నాకు అలా వినిపించట్లేదు."

"మరి... ఏమని?"

అతను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

తప్... తప్... దెబ్బల్లో ఇందాకటి బలం లేదు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం పెరుగుతోంది.

అదిగో, అక్కడ ఆమెకి భయం పోయి కోపం వచ్చింది. ఆసుపత్రిలో పనిచేసిన మనిషి. దెబ్బల మధ్య ఎడం పెరగడం అంటే ఏమిటో ఆమెకి తెలుసు.

"ఇటు వినండి. బయటున్నది దెయ్యమైతే మనకి పోయేది ఒక రాత్రి నిద్ర. మనిషైతే పొద్దుటికి కట్టె. లేవండి."

"వద్దమ్మా..."

"మీ ఒక్కరి భయానికి దాన్ని చంపుతారా?"

ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ అతను చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు. ఆమె భుజం పట్టి లాగింది. అంత మనిషి, బస్తాలా పక్కకి ఒరిగాడు. జరుగుతూ జరుగుతూ మూలకి పోయాడు.

ఆమె గడియ ఎత్తింది.

తలుపు గాలికి దానంతటదే తెరుచుకుంది. కొవ్వొత్తి ఆరిపోయింది. మంచు ఒక్కసారిగా మొహాన కొట్టింది. గుమ్మంలో, నేల మీద, నల్లగా ఒక ఆకారం... పాక్కుంటూ లోపలికి వచ్చింది.

ఆమె చంకల కింద చేతులు వేసి లాగింది. కోటు చేతులు పలకలా గట్టిపడి ఉన్నాయి. తలుపు తోసి, తడుముకుంటూ తన స్లీపింగ్ బ్యాగు తెచ్చి కప్పింది.

"చిట్టీ. చిట్టీ, పలుకు. గార్డుగారూ, అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి."

మూలనుంచి ఉలుకూ పలుకూ లేదు.

తొడుగు ఊడదీయబోయింది. రాలేదు. ఆ చేతినే తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఎంత రుద్దినా వేడెక్కలేదు. రుద్దేకొద్దీ తన చేతులే మొద్దుబారుతున్నాయి. ఊపిరి వినిపించడంలేదు — బయట గాలి హోరు, అందుకే అనుకుంది.

మెలకువగా ఉంచాలి. మాట్లాడుతూ ఉండాలి. ఏం మాట్లాడాలి? ఉన్నది ఒకటే మాట.

"నేను దాచలేదు చిట్టీ," అంది. "అత్తయ్యే ఒట్టు వేయించుకుంది. ఎక్స్‌రే గదిలో, ఇంకా బల్ల మీద పడుకునే ఉంది, నా చెయ్యి పట్టుకుంది. చిట్టికి పిల్లల పోటీలున్నాయి, ఏడాది కష్టం, అయ్యేదాకా చెప్పొద్దు అంది. నువ్వు మెడలో పతకాలేసుకున్న పిల్లల్తో ఫోటో పంపావు చూడు... అది చూసి రేపు చెబుతానంది. ఆ రేపే మాట పడిపోయింది. తర్వాత నీకు చెప్పొచ్చు నేను. చెబితే నీ పోటీల వల్లే అని నువ్వు కుమిలిపోతావు. నన్ను తిట్టుకుంటేనే నీకు నయం అనుకున్నాను. తిట్టుకో. కానీ నిద్రపోకు."

చీకట్లో ఆ చేతిని రుద్దుతూనే ఉంది.

తర్వాత ఆ ఆకారం మాట్లాడింది. తడి లేని గొంతు. అది ఆడదో మగదో కూడా తెలీలేదు ఆమెకి.

"గడియ ఎవరు పెట్టారు?"

ఆమె చేతులు ఆగిపోయాయి. తను పట్టుకున్న చెయ్యి చిట్టిది కాదని అప్పుడు తెలిసింది. మరీ పెద్దది. వదిలేద్దామంటే వేళ్ళు కదల్లేదు.

"గడియ ఎవరు పెట్టారు?"

మూలనుంచి, చిన్నపిల్లాడి ఏడుపులాంటి చప్పుడు వచ్చింది. ఆ తర్వాత మూడు మాటలు.

"నేనే రా... నేనే."

అంతే ఆమెకి గుర్తున్నది. చలికి స్పృహ తప్పిందో, భయానికి తప్పిందో, ఆమెకే తెలీదు.

కళ్ళు తెరిచేసరికి తెల్లగా ఎండ. తలుపు బార్లా తీసి ఉంది. స్లీపింగ్ బ్యాగు పక్కన పరిచి ఉంది — ఖాళీగా, చదునుగా. తడిమి చూసింది. పొడిగా ఉంది. మంచులో పాకివచ్చిన మనిషిని కప్పితే ఎంత తడవాలి?

మూలన గార్డు లేడు.

పైన కనుమ మీంచి విజిల్ వినిపించింది. ఆగకుండా, పిచ్చిపట్టినట్టు. కాసేపటికి చిట్టి గుమ్మంలో నిలబడింది, వెనక రెండో గది నుంచి వచ్చిన గడ్డం గార్డు రొప్పుతూ.

"బతికే ఉన్నావా," అంది చిట్టి. కోపంగానే అంది. కానీ విజిల్ ఇంకా పిడికిట్లోనే ఉంది.

"రాత్రి నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడేంటి? చీకటి పడకముందే రెండో గదికి చేరాను. మీరొస్తారని కూర్చున్నాను. బయటికి పోతానంటే ఈయన పోనివ్వలేదు. తెల్లారగట్ల నేనే లాక్కొచ్చాను."

ఎక్స్‌రే ఆవిడ గోడకి ఆనుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. గడ్డం గార్డు మధ్యలోనే కూర్చుండిపోయాడు. అంతా అయ్యాక తన వంతుగా చెప్పాడు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఈ గదిలో డ్యూటీ ఇద్దరికి. పెద్ద గార్డూ, అతని సొంత తమ్ముడూ. తమ్ముడు కొండగొర్రెల లెక్కకి పోయి చెరువు అవతల రాళ్ళ మీంచి పడ్డాడు, కాలు విరిగింది. రాత్రి మంచులో గది దాకా పాక్కుంటూ వచ్చాడు. అన్న లోపల గడియ పెట్టుకుని ఉన్నాడు. ఆ వారమంతా ఒక ఎలుగుబంటి తలుపుల్ని కొడుతూ తిరుగుతోంది. కింద తట్టేసరికి అదే అనుకున్నాడట. 'అన్నా' అన్న పిలుపు గాలికి వినపడలేదన్నాడట. పొద్దున గడియ తీసేసరికి గుమ్మం ముందు తమ్ముడు కట్టెయి ఉన్నాడు.

"వినపడలేదో," అన్నాడు గడ్డం గార్డు, "వినపడినా కాళ్ళు రాలేదో. అది ఆయనకే తెలియాలి."

ముగ్గురూ బయటికి వచ్చారు. పెద్ద గార్డు కోసం ఆ తర్వాత నాలుగు రోజులు వెతికారు, హెలికాప్టరు కూడా వచ్చింది, మనిషి దొరకలేదు. కానీ ఆ పొద్దున మంచు మీద అడుగులు స్పష్టంగా ఉన్నాయి. గుమ్మం నుంచి చెరువు గట్టున ఒకే మనిషి బూటు అడుగులు. పక్కన ఇంకేమీ లేదు.

వాటి వెంట నడిచారు. గడ్డం గార్డు ముందు, వెనక ఇద్దరూ.

"అమ్మ గురించి దానికి చెప్పావు కదా," అంది చిట్టి ఉన్నట్టుండి, ముందుకే చూస్తూ. "అది నాకు చెల్లదు. పగటిపూట, నాకు చెప్పు."

ఎక్స్‌రే ఆవిడ చెప్పింది. బల్ల, ఒట్టు, పతకాల ఫోటో, రేపు. చిట్టి క్షమించానని అనలేదు. ఒక్కటే, అడుగు చిన్నది చేసింది. వదిన పక్కన నడవగలిగేంత చిన్నది.

చెరువు అవతల రాళ్ళ కిందికి వచ్చేసరికి అడుగులు ఆగాయి. అక్కడ మంచు నలిగి ఉంది. రెండు మోకాళ్ళ గుంటలు, రెండు చేతుల గుర్తులు. ఎడంచేతి గుర్తుకి మూడే వేళ్ళు. ఎవరి ముందో మోకరిల్లినట్టు... లేదా, వీపు వంచి ఇచ్చినట్టు.

అక్కడి నుంచి మళ్ళీ బూట్ల గుర్తులే, లోయలో పెద్ద గార్డు ఊరున్న దిక్కుగా, కిందికి. అవే బూట్లు, అదే మంచు.

గడ్డం గార్డు ఆగాడు. వెనక్కి చూశాడు, ముందుకి చూశాడు. వంగి, మొదటి గుంటలోకి చెయ్యి దించాడు. ఇప్పటిదాకా చీలమండ లోతు కూడా లేని అడుగు. ఇక్కడ మోచెయ్యి దాకా దిగింది.

చెయ్యి తీయకుండానే తలెత్తాడు.

"ఇది ఒక్కడి బరువు కాదమ్మా," అన్నాడు.